సోదాకు సాక్షి యెవరు?

(మెదకు పట్టణమున పౌరుల సభలో చేసిన యుపన్యాసపు పాఠము)



ప్రజారక్షణమును గూర్చియు, పౌరస్వాతంత్ర్యమును గూర్చియు మాటలాడుమని నన్ను పిలిచితిరి. ఈ రెండింటిని త్రాసుయొక్క రెండు తట్టలలో బెట్టి తూచుట మన యుపన్యాసకులకు నలవాటు. ఒక తట్ట లేచిన రెండవది దిగక తప్పదని వారి లెక్క. నేనట్లు తూచుటకు రాలేదు. పోలీసువారు ఒక యింటికి సోదాకు వచ్చినపుడు ఆ గడపయొద్ద నిలువవలసిన మూడవ మనిషి యొకడు కలడు. అతడు పోలీసువాడు కాడు, ఇంటివాడును కాడు. శాసనము అతని కొక స్థానము నిచ్చినది. ఆ స్థానము చాలచోట్ల కాగితముమీద తప్ప నిజముగా నిండుట లేదు. అతనిని గూర్చియే నేను ముఖ్యముగా చెప్పదలచితిని.

అంతకుముందు భయము సంగతి. భయము కల్పితము కాదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో శుక్రవారపు ప్రార్థనవేళ బాంబు ప్రేలి తొమ్మిదిమంది మరణించిరి. ఆ వెనుక జరిగిన పోలీసు కాల్పులలో మరికొందరు కూలిరి. ఆ యేడే ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, కోఠీలోని గోకుల్ చాట్ అంగడియొద్దను నలుబదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరులో మరల నదే ఘోరము. సాయంకాలము చిరుతిండికై వెడలినవారు శవములై యింటికి జేరిన యా దినములను మరచి హక్కులను గూర్చి మాటలాడువాడు సగము మాటయే మాటలాడుచున్నాడు.

కావున సోదా యను పేరు వినగానే ఉలికిపడవలసిన పని లేదు. మహాశివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతరకు మంజీర పాయల నడుమ లక్షలకొలది జనము చేరుదురు. క్రిస్మసునాడు మన పట్టణపు పెద్ద చర్చి ఆవరణములో ఇసుక వేసిన రాలదు. అచ్చట ద్వారమువద్ద సంచి విప్పి చూపుమన్నచో నేను మారుమాట లేక విప్పి చూపుదును. ఏలయన, అందరి సంచులను చూచుచున్నారు. చూచుట అరనిమిషము. చూపనొల్లనివాడు వెనుకకు మరలిపోవచ్చును. వెదకునది ప్రాణహాని చేయు వస్తువునే గాని నా జేబులోని యుత్తరమును గాదు. స్త్రీలను స్త్రీలే మర్యాద తప్పక సోదా చేయవలెనను నియమమును పాటించినచో ఇందు ఎవరి గౌరవమునకును భంగము లేదు.

ఇల్లు వేరు. మన రాష్ట్రమున కొన్ని యేండ్లుగా కార్డన్ సెర్చ్ అను పద్ధతి యొకటి సాగినది. పత్రికలవారు దానిని నిర్బంధ తనిఖీ యనిరి. జిల్లాలలో దానికే కమ్యూనిటీ కాంటాక్ట్ అను తియ్యని పేరును పెట్టిరి. తెల్లవారకముందే పోలీసు బలగము ఒక బస్తీని చుట్టుముట్టును. బాటలు మూయుదురు. ఇంటింటి తలుపు తట్టి ఆధారు కార్డులు చూతురు, అద్దెకున్నవా రెవ్వరని యడుగుదురు, కాగితములు లేని బండ్లను ఠాణాకు తరలింతురు. మరునాటి పత్రికలో సామాన్యముగా కనబడు లెక్క యేది? ఇన్ని మోటారు సైకిళ్లు, ఇన్ని ఆటోలు, కొన్ని మద్యపు సీసాలు. బండికి కాగితము లేకుండుట తప్పే, కాదనను. కాని బండి కాగితము చూచుటకు రహదారి యున్నది. అందులకై నిద్రలోనున్న ఆడపిల్లల గదిదాక పోనక్కరలేదు. బంగళాలుండు వీథులను ఇట్లు చుట్టుముట్టిరని మాత్రము నే నెన్నడును వినలేదు.

1762లో ఇంగ్లండులో రాజదూతలు ఎంటిక్ అను రచయిత యింటిలో జొరబడి నాలుగు గంటలకాలము పెట్టెలు బీరువాలు పగులగొట్టి కాగితములు వెదకిరి. మంత్రి చేవ్రాలు గల యాజ్ఞాపత్రము వారిచేత నుండెను. 1765లో కేమ్డెన్ ప్రభువు ఆ వ్యాజ్యమున దీర్పు చెప్పుచు, ఇట్టి యధికారమే యున్నచో అది మన శాసనగ్రంథములలో కనబడవలెను, కనబడలేదు గనుక అది లేదనెను. చిన్న తర్కమే గాని గట్టిది. దానినే మనమును ప్రయోగింతము. కార్డన్ సెర్చ్ అను పేరుగల సెక్షను 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో లేదు. 2024 జూలై 1న దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను లేదు. ఆ సంహిత 185వ సెక్షను వారంటు లేని సోదాకు అనుమతి నిచ్చుచున్నది, నిజమే. కాని దర్యాప్తులోనున్న నేర మొకటి యుండవలెను. ఫలాన స్థలమున ఫలాన వస్తువు దొరకునని నమ్ముటకు తగిన కారణ ముండవలెను. ఆ కారణమును అధికారి ముందే వ్రాసిపెట్టవలెను. ఆ వ్రాత నకలు నలుబదియెనిమిది గంటలలోపల మేజిస్ట్రేటుకు చేరవలెను. ఇంటివాడు దరఖాస్తు పెట్టుకొన్నచో మేజిస్ట్రేటు దాని నకలును రుసుము లేకయే యిప్పింపవలెను. మున్నూరు గడపల బస్తీకి మున్నూరు కారణములు ఎవరు వ్రాసిరి?

ఇచ్చట మన జాతీయవాదులలో కొంద రొక యాక్షేపణ తెత్తురు. పరప్రభుత్వమున్న నాటి యనుమానము స్వప్రభుత్వమున కేల యని. 1919లో రౌలట్ శాసనము వచ్చినపుడు దేశమంతయు లేచినది. కేమ్డెన్ తీర్పును తమ దేశమున పూజించినవారే మన దేశమున వారంటు లేని సోదాలకు, విచారణ లేని చెరలకు శాసనము చేసిరి. మనవైపున నిజాము ప్రభుత్వము గష్తీ నిశాన్ 53 అను నుత్తరువుతో అనుమతి లేనిదే సభ కూడరాదని కట్టడి చేసినది. మనకు పొరుగుననున్న జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ కూడిన కాలము అట్టిది. ఆ రోజులు పోయినవి గదా, ఇక పోలీసు మనవాడే గదా యందురు. మనవాడే. అందుచేతనే అతడు వ్రాసిన కారణమును చూపుమని యడుగుట మనకు సులభమును, విధియు నైనది. పరాయివానిని అడిగిన లాఠీ వచ్చెడిది. మనవానిని కూడ అడుగకున్నచో స్వరాజ్యమున మారిన దేమి?

ఈ ప్రశ్న రాజ్యాంగము వ్రాయునాడే యెదురైనది. ఆ కథ మనవారికి అంతగా తెలియదు గనుక కొంచెము నిలిచి చెప్పెదను. 1947లో డాక్టరు అంబేద్కరు రాష్ట్రములు-అల్పసంఖ్యాకులు అను తన పత్రములో, ప్రజల దేహములు, ఇండ్లు, కాగితములు, సొమ్ములు అకారణపు సోదాలనుండి భద్రముగా నుండవలెనను హక్కును ప్రాథమికహక్కులలో చేర్చిరి. మున్షీగారును ఇట్టి దానినే కోరిరి. హక్కుల ఉపసంఘమున దీనిపై చర్చ జరిగినది. నెల్లూరు మండలమున జన్మించిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారును, రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావుగారును దీనికి సుముఖులు కాకపోయిరి. ఇట్టి రక్షణ సాధారణ శాసనమున నున్న చాలునని అల్లాడివారి యభిప్రాయము. ఆ నిబంధన తుది పాఠమున నిలువలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కాజీ సయ్యద్ కరీముద్దీన్‌గారు సవరణరూపమున దానిని మరల తెచ్చిరి. అట్టి నియమములు క్రిమినల్ ప్రొసీజరు కోడులో నిదివరకే యున్నవనియు, ఐనను శాసనసభలు తాకలేని చోట వానిని నిలుపుట మంచిదే కావచ్చుననియు అంబేద్కరుగారు సెలవిచ్చిరి. సవరణ వీగిపోయినది.

దాని ఫలము 1954లో కనబడినది. ఎం. పి. శర్మ వ్యాజ్యములో ఎనమండుగురు న్యాయమూర్తుల పీఠము, అమెరికావారివలె మన రాజ్యాంగకర్తలు సోదాలకు హద్దు వ్రాయలేదు గనుక లేని హక్కును మేము చేర్చజాలమన్నది. 1962లో ఖరక్ సింగు వ్యాజ్యము వచ్చినది. దోపిడీ కేసులో సాక్ష్యము లేక విడుదలయైన ఒక ఉత్తరప్రదేశీయుని యింటికి పోలీసులు రాత్రులందు వచ్చి తలుపు కొట్టి, ఉన్నాడా లేడా యని చూచిపోవుచుండిరి. రాత్రివేళ ఇంటికి వచ్చుట తప్పని న్యాయస్థాన మంగీకరించినను, వానిపై నిఘా వేయుట తప్పుగా నెంచలేదు. అపుడు రాజమహేంద్రవరమువాడైన కోకా సుబ్బారావుగారు, జస్టిసు షా గారితో గలసి, వేరు తీర్పు వ్రాసిరి. ఏకాంతజీవనహక్కు ప్రత్యేకముగా వ్రాయబడకున్నను వ్యక్తిస్వాతంత్ర్యములో నది యంతర్భాగమే యనియు, వెంటాడు కన్ను సంకెలవంటిదే యనియు ఆ తీర్పుయొక్క సారము. ఏబదియైదేండ్లు గడచినవి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా సుబ్బారావుగారి పక్షముననే నిలిచిరి. ప్రభుత్వము గడప దాటవలెనన్నచో శాసనము ఉండవలెను, న్యాయమైన ప్రయోజనము ఉండవలెను, ఆ ప్రయోజనమునకు మించని కొలత ఉండవలెను. ఇప్పటి నియమ మిది.

నడుమ మన హైదరాబాదునుండి పోయిన వ్యాజ్య మొకటి యున్నది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణచేత స్టాంపు చట్టపు 73వ సెక్షను, కలెక్టరు పంపిన యే మనిషియైనను ఎవరి యింటనైనను ఏ బ్యాంకులోనైనను జొచ్చి పత్రములు చూడవచ్చునని చెప్పెడిది. కారణము వ్రాయ నక్కరలేదు. కెనరా బ్యాంకు దానిని ప్రశ్నించినది. ఉన్నత న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది. 2004 నవంబరులో సుప్రీము కోర్టు దానిని ఖాయపరచినది. మనిషి తన పత్రమును బ్యాంకులో దాచుకొన్నంత మాత్రమున అది బజారు కాగితము కాదని యందు తేలినది. స్టాంపు రుసుము ఎగవేతకే యింత జాగ్రత్త యవసరమైనపుడు మంచాలక్రింద వెదకుటకు అంతకు తక్కువ సరిపోవునా?

ఇక నా మూడవ మనిషి. అల్లాడివారు సాధారణ శాసనము చాలుననిరి గదా, ఆ సాధారణ శాసనము ఈ రక్షణను ఎవరిచేతిలో పెట్టినది? న్యాయవాదిచేతిలో గాదు. 1898 నాటి కోడులో 103వ సెక్షను, 1973లో అది 100, ఇప్పటి సంహితలో తిరిగి తిరిగి మరల 103. అంకె యే దైనను విషయ మొక్కటే. సోదాకు ముందు అధికారి ఆ ప్రాంతమున నివసించు స్వతంత్రులు, గౌరవనీయులు నగు ఇద్దరిని లేక అంతకెక్కువమందిని పిలువవలెను. సోదా వారి కన్నులయెదుట జరుగవలెను. ఏ వస్తువు ఎచ్చట దొరకినదో జాబితా వ్రాసి వారిచేత చేవ్రాలు చేయింపవలెను. ఇంటివానిని దగ్గర నుండనీయవలెను, జాబితా నకలు అతనికి ఇయ్యవలెను. మన తెలంగాణమున వీరిని పంచులు అందుము, ఆ కాగితమును పంచనామా యందుము. కోస్తా జిల్లాలలో మధ్యవర్తులు, మధ్యవర్తుల నివేదిక యందురు. పేరులోనే మర్మమున్నది: ప్రభుత్వమునకును ఇంటికిని నడుమ ఊరు నిలుచుట.

కాని జరుగుచున్న దేమి? ఠాణా యెదుట టీ అంగడివాడు, ఠాణాలో పనియున్నవాడు, ఠాణాకు భయపడువాడు, ఈ మువ్వురే తరచుగా పంచులగుదురు. ఒకే మనిషి పెక్కు కేసులలో సాక్షిగా నిలుచుటను చూచి న్యాయస్థానములు విసుగుకొన్న సందర్భములు గలవు. కొందరు ఇల్లు చూడకయే వ్రాతకు చేవ్రాలు చేయుదురు. మరి కొందరు తెల్లకాగితముపైననే చేయుదురు. రెండేండ్లకో మూడేండ్లకో బోనెక్కినపుడు, నేనేమియు చూడలేదు, ఠాణాలో సంతకము పెట్టుమనిరి, పెట్టితిని అందురు. దానితో కేసు కూలును. నిర్దోషి యెవడైన నుండినచో ఈ రెండేండ్లు జైలులోనో, వాయిదాలలోనో కరగిపోయినవి. నిజముగా దోషియే యైనచో చప్పట్లు కొట్టుకొనుచు ఇంటికి పోవును. నా త్రాసువారు దీనిని గమనింపవలెను. తెల్లకాగితముపైని చేవ్రాలు స్వాతంత్ర్యమునకును చేటే, రక్షణమునకును చేటే. ఇందు ఒక తట్ట లేచి యొక తట్ట దిగుట లేదు, రెండును నేల కూలుచున్నవి.

న్యాయస్థానము పిదప సరిదిద్దదా యందురు. 1973లో పూరణ్‌మల్ వ్యాజ్యమున సుప్రీము కోర్టు, సోదా అక్రమమైనను అందు దొరకిన వస్తువు సాక్ష్యముగా పనికివచ్చునని చెప్పినది. అమెరికాలో నట్లు గాదు. కావున మన దేశమున సోదా జరుగునప్పుడు గడపయొద్ద నున్న కన్నులకే విలువ యెక్కువ. జరిగిపోయిన తరువాత వచ్చు వకీలు కన్నులకు తక్కువ. కొత్త సంహిత 105వ సెక్షను సోదానంతటిని దృశ్యశ్రవణ యంత్రముతో చిత్రింపవలెనని విధించినది. మంచిదే. కాని ఆ యంత్రము నెవరు పట్టుకొందురు, ఎపుడు మొదలుపెట్టి యెపుడు ఆపుదురు? జాబితా వ్రాయకముందు ఆ గదిలో నేమి జరిగినదో చెప్పగలవాడు పొరుగింటి మనిషియే.

అకారణపు అనుమానము వలన రక్షణము పెరుగునని నమ్మువారికి మక్కా మసీదు కథయే సమాధానము. ప్రేలుడు జరిగిన పిదప పాతబస్తీ యువకులను పెక్కుమందిని పట్టి చెరలో పెట్టిరి. చిత్రహింసలు పెట్టిరని వారు మొరపెట్టుకొనిరి. కేసులు నిలువలేదు. జాతీయ అల్పసంఖ్యాకుల కమిషను సిఫారసుపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2012 జనవరిలో సుమారు డెబ్బదిమందికి పరిహారము నిచ్చినది. 2013లో ఉన్నత న్యాయస్థానము ఆ పరిహారపు టుత్తరువును సైతము కొట్టివేసినది. 2018 ఏప్రిలులో ఆ ప్రేలుడు కేసున వేరుగా విచారింపబడిన అయిదుగురిని సాక్ష్యము చాలదని ప్రత్యేక న్యాయస్థానము విడుదల చేసినది. పోలీసు బలగమునకు లోపము లేదు, అధికారమునకు లోపము లేదు, అనుమానమునకు అసలే లోపము లేదు. నిలువగల సాక్ష్యమే లేకపోయినది. ప్రార్థనకు పోయి మరణించినవారి పిల్లలకు తమ తండ్రిని చంపిన దెవ్వరో నేటికిని ఏ తీర్పును చెప్పలేదు.

నా వాదమునకు అందని చోట్లు కూడ కలవు, వానిని దాచను. ఇంటికి గడప యున్నది, పంచు నిలుచుటకు చోటున్నది. చేతిలోని ఫోనుకు గడప యేది? 2021 అక్టోబరులో హైదరాబాదు వీథులలో పోలీసులు త్రోవన పోవువారిని ఆపి, ఫోను తెరపించి, గంజాయి మాటకై వారి సందేశములను వెదకుట పత్రికలలో వచ్చి దేశమంతట చర్చయైనది. బలవంతము లేదనిరి. నడిరోడ్డున ఖాకీ దుస్తులు చుట్టును నిలిచియుండగా ఫోను చూపనని చెప్పగల పదునెనిమిదేండ్ల కుర్రవాని నాకు చూపుడు. అంతకుముందు ఆ యేడు మే నెలలో, లాక్‌డౌను కాలమున, ఎస్. క్యూ. మసూద్ అను సామాజిక కార్యకర్తను త్రోవలో నాపి ఛాయాచిత్రము తీసికొనిరి. ముఖములను గుర్తించు యంత్రములో దాని నేమి చేసిరని యాతడు ఉన్నత న్యాయస్థానము నడిగెను; 2022 జనవరిలో ప్రభుత్వమునకు తాఖీదు పోయినది. 2024 మార్చిలో మన రాష్ట్రపు పోలీసు గూఢచారి విభాగమునకు చెందినవారిపైననే, రాజకీయ నాయకుల ఫోనులను దొంగతనముగా వినిరను నారోపణపై, కేసు పుట్టినది. ఆరోపణ నిజమో కాదో న్యాయస్థానము తేల్చవలెను. తంతి సంభాషణలు వినుటకు హోం కార్యదర్శి యుత్తరువు, సమీక్షా సంఘము ఉండవలెనని 1996లో పి. యు. సి. ఎల్. వ్యాజ్యమున సుప్రీము కోర్టు కట్టడి చేసినది. కాని ఆ సంఘమున కూర్చుండువారందరు నధికారులే. అచ్చట ఊరిమనిషి లేడు. పంచు లేని సోదా యెట్లుండునో చూడగోరినవారికి ఇది యుదాహరణము.

అది శాసనసభలో తేలవలసిన పని. మన చేతిలో నున్న పనిని ఇక చెప్పెదను. ఈ పట్టణమున వార్డు వార్డునకు పంచులుగా నిలుచుటకు ఇష్టపడువారి పట్టిక యొకటి సిద్ధము కావలెను. ఉపాధ్యాయులు, పింఛనుదారులు, దుకాణదారులు, బీడీలు చుట్టు అమ్మలు, అందరును అందుండవలెను. హిందువుల వీథికి ముస్లిములు, ముస్లిముల వీథికి క్రైస్తవులు అని లెక్కలు కట్టనక్కరలేదు. ఆ వీథిలో నివసించి, ఆ యింటితో పగ గాని బంధుత్వము గాని లేకున్న చాలును. ప్రతి వార్డున కనీస మిద్దరు స్త్రీలు తప్పక ఉండవలెను. పడకగది వెదకునపుడు ఇల్లాలికి తోడు కావలెను. ఆ పట్టికను ఠాణాలో నొకటి, మేజిస్ట్రేటు కోర్టులో నొకటి ఇత్తము. దానినే వాడవలెనను నిర్బంధము శాసనమున లేదు. కాని గౌరవనీయు లెవ్వరును దొరకలేదని అధికారి వ్రాయుట అటుపై కష్టమగును.

పొరుగువానితో పగ యేల, కోర్టు చుట్టు తిరుగుట యేల యని మీలో కొందరు మనసులో ననుకొనుచున్నారు. సంగతి తెలిసికొనుడు. వ్రాతమూలకముగా పిలిచినపుడు తగిన కారణము లేక రానిచో అదియే నేరము. వచ్చి సాక్షిగా నిలిచినవాడు మాత్రము ప్రత్యేకముగా సమను పంపిననే గాని కోర్టుకు రానక్కరలేదని ఆ సెక్షనులోనే కలదు. కూలి పోవునను మాట నిజము. సోదా దినమంతయు పట్టవచ్చును. దినకూలీకి ఆ నాటి వేతనమును పురపాలక సంఘము భరింపవలెనని నేడు ఈ సభ తీర్మానింప గోరుచున్నాను. మొత్తము పెద్దది కానేరదు.

పంచుగా పోయినవాడు నాలుగు పనులు మరువరాదు. ఇంటిలో కాలుపెట్టకముందు అధికారులే తమ జేబులు, సంచులు చూపవలెనని కోరుట మొదటిది. ఇది వాడుకలో నున్న మర్యాదయే, అవమానము కాదు. ఒక గది ముగిసిన పిదపనే రెండవ గదికి పోనిచ్చుట. జాబితాలో ఖాళీ పంక్తులుండిన అడ్డగీత కొట్టించి, దాని ప్రక్క తేదీ, గంట వ్రాసి చేవ్రాలు చేయుట. ఇంటివానికి నకలు చేతబడినదాక గడప దిగకుండుట. తెలుగు చదువనివారు ఉర్దూలో వ్రాయించుకొనవచ్చును, ఏ భాషయు చదువనివారు గట్టిగా చదివించుకొని వినవచ్చును. పట్టికలో పేరు వ్రాయింపగోరువారు సభ ముగియగానే వేదికయొద్దకు దయచేయుడు. కాగితములు సిద్ధముగా నున్నవి. మొదటి గడిలో పేరు, రెండవ గడిలో వార్డు, మూడవ గడిలో తెల్లవారుజామున తలుపు తట్టిన రాగలరా యను ప్రశ్న.